చెప్పకుండా వెళ్లండి... కళ్లారా చూడండి!

పెద్దాయనది తెనాలి. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక కూడా సొంతింట్లోనే ఉంటూ తన పనులు తానే చేసుకునేవారు. ఓ ఉదయం పేపరు చదువుతూ చదువుతూ కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. పక్షవాతం! ప్రాణగండం గడిచింది కానీ కుడికాలూ కుడిచెయ్యీ స్వాధీనం తప్పాయి.

కూతురు హైదరాబాద్‌లో ఉంటోంది. ఆసుపత్రి నుంచి నేరుగా తన ఇంటికే తీసుకొచ్చింది. రెండు పడగ్గదుల ఫ్లాటు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులే. మంచం పట్టిన అత్తగారు అప్పటికే ఒక గదిలో ఉన్నారు. మాస్టారి కోసం ఇంటికొచ్చి చూసుకునే మనిషిని పెట్టారు. నాలుగు నెలల్లో ముగ్గురు మారారు. మూడో మనిషి చెప్పాపెట్టకుండా మానేసిన రోజున పెద్దాయన బాత్‌రూమ్‌లో పడిపోయి రెండు గంటలు నేలమీదే ఉండిపోయారు. కూతురు ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆయన అన్నమాట ఒక్కటే. ‘‘ఎక్కడైనా మంచి హోమ్ ఉంటే చూడమ్మా. మీరంతా నా కోసం ఇలా అయిపోవడం నేను చూడలేను.’’

ఆ రాత్రి ఆమెకు నిద్రపట్టలేదు. ‘కన్నతండ్రిని ఆశ్రమంలో పడేసింది’ అని బంధువులు అంటారేమో అన్న బాధ ఒకటి. అంతకన్నా పెద్ద భయం మరొకటి... అక్కడ నాన్నను సరిగ్గా చూసుకోకపోతే?

ఈ రెండో భయానికి మాత్రం మందుంది. దాని పేరు తనిఖీ.

పాలరాతి హాలు... పూలకుండీలు

ముందుగా ఫోన్ చేసి, టైమ్ తీసుకుని, ఓ ఆదివారం ఉదయం పదకొండింటికి భర్తతో కలిసి ఒక హోమ్‌కు వెళ్లిందామె. గేటు దగ్గర పూలకుండీలు, లోపల పాలరాయి, ఏసీ ఆఫీసు, గోడమీద పెద్ద టీవీ. మేనేజరు కాఫీ ఇప్పించి, రంగురంగుల కరపత్రం చేతిలో పెట్టారు. ‘‘ఇరవై నాలుగు గంటలూ నర్సులుంటారు మేడమ్. డాక్టరుగారు పిలిస్తే వచ్చేస్తారు. మీ నాన్నగారిని మా నాన్నగారిలా చూసుకుంటాం’’ అన్నారు. హాల్లో పదిమంది పెద్దవాళ్లు ఇస్త్రీ బట్టలు కట్టుకుని భజన వింటున్నారు. గదులు తళతళలాడుతున్నాయి. దంపతులిద్దరికీ నచ్చేసింది. అడ్వాన్సు ఇచ్చేద్దామనుకున్నారు.

ఆ రాత్రి డాలస్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. అతని భార్య అక్కడ ఓ నర్సింగ్ హోమ్‌లో నర్సు. మరదలు ఫోన్ అందుకుని అడిగిన మొదటి ప్రశ్నకే వదినగారు తెల్లబోయింది.

‘‘చెప్పి వెళ్లారా వదినా, చెప్పకుండా వెళ్లారా?’’

‘‘చెప్పే వెళ్లాం. మర్యాద కదా!’’

‘‘అయితే వాళ్లు చూపించింది చూసొచ్చారు. మా దగ్గర ఇన్‌స్పెక్టర్లు ఏనాడూ చెప్పి రారు.’’

ఎప్పుడొస్తారో తెలీదు

ఇక్కడో చిన్నమాట. మన ఊళ్లలో ‘నర్సింగ్ హోమ్’ అని బోర్డు కనిపిస్తే అది పురుళ్లూ ఆపరేషన్లూ జరిగే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. సొంతంగా లేవలేని, తినలేని పెద్దవాళ్లను ఉంచుకుని రాత్రింబవళ్లు చూసుకునే చోటు అది. వైద్యసేవ కూడా కలిసిన వృద్ధాశ్రమం అనుకోవచ్చు.

ఒకప్పుడు అక్కడా ఆ హోముల పరిస్థితి అధ్వానంగానే ఉండేది. తనిఖీ అంటే కాగితాలు సరిగ్గా ఉన్నాయా, మంచాలు సరిపడా ఉన్నాయా అని చూసి వెళ్లడమే. లోపల మనిషి ఎలా ఉన్నాడన్నది ఎవరికీ పట్టేది కాదు. 1986లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఈ లోపాన్ని ఎత్తి చూపుతూ నివేదిక ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1987లో, నర్సింగ్ హోమ్ సంస్కరణల చట్టం వచ్చింది. తనిఖీ చూపు గోడలమీద నుంచి మనిషి మీదకు మళ్లింది అప్పుడే.

ఆ చట్టం ప్రకారం ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్రతి హోమ్‌కూ పదిహేను నెలలు దాటకుండా తనిఖీ జరగాలి. ఆ బృందంలో అర్హతున్న నర్సు ఉండి తీరాలి. తేదీ ముందుగా చెప్పకూడదు. ఎవరైనా ఉప్పందిస్తే రెండు వేల డాలర్ల దాకా జరిమానా అని చట్టంలోనే రాశారు. కొన్ని తనిఖీలు తెల్లవారుజామునో, రాత్రిపూటో, సెలవురోజునో మొదలుపెట్టాలన్న నియమమూ ఉంది. ఎందుకంటే సిబ్బంది పలచబడేది ఆ వేళల్లోనే కదా!

వచ్చినవాళ్లు ఏం చూస్తారు? భోజనాల వేళ పక్కన నిలబడతారు. ఎవరి ప్లేటు నిండుగా వెనక్కి వెళ్తోందో గమనిస్తారు. నర్సు మందులిస్తుంటే వెంట నడుస్తారు. నూటికి ఐదు తప్పులు దొర్లాయంటే అది లోపం కిందే రాస్తారు. అక్కడ ఉండేవాళ్లతో విడిగా మాట్లాడతారు. దొరికిన లోపాలన్నీ రాసి ఇచ్చిన నివేదికను ఆ హోమ్‌లోనే అందరికీ కనపడేలా ఉంచాలి. 2008 డిసెంబరు నుంచి ఒక్కో హోమ్‌కు ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు కూడా ఇస్తున్నారు. తొలి ఏళ్లలో సిబ్బంది లెక్క హోములు చెప్పుకున్నదే. ఆ లెక్కల మీద విమర్శలొచ్చాక, 2018 నుంచి జీతాల రికార్డులు చూసి లెక్కగడుతున్నారు. ఎంతమంది పనిచేస్తున్నారని అడిగితే ఎవరైనా ఎక్కువే చెబుతారు. ఎంతమందికి జీతమిస్తున్నారో చూస్తే నిజం బయటపడుతుంది!

అంత పకడ్బందీ ఏర్పాటున్నా అక్కడ అంతా సవ్యంగా జరుగుతోందని కాదు. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను వచ్చినప్పుడు ఫ్లోరిడాలోని హాలీవుడ్ అనే ఊళ్లో ఓ నర్సింగ్ హోమ్‌కు ఏసీ ఆగిపోయింది. పెద్దవాళ్లు ఆ ఉక్కలోనే రోజుల తరబడి ఉండిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. రోడ్డు దాటితే పెద్దాసుపత్రి! ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వస్తాడు. ఆపద ఏ రోజైనా రావచ్చు.

మన దగ్గర ఎవరు చూస్తారు?

‘‘మరి ఇక్కడ ఆ నివేదికలెక్కడ దొరుకుతాయి?’’ అని అడిగింది కూతురు. మరదలి దగ్గర జవాబు లేదు.

మన దేశంలో 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. జిల్లాకొక్కటైనా, 150 మందికి తగ్గకుండా, నిరుపేద వృద్ధుల కోసం ఆశ్రమాలు పెట్టవచ్చని రాష్ట్రాలకు చెప్పిందది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో దానికి నిబంధనలు రాసుకుంది. డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు హోములకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలంటూ 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే ఆ లోక్‌సభ గడువు 2024లో ముగిసింది. దాంతో బిల్లుకూ కాలం చెల్లింది.

అంటే, దేశంలోని ప్రతి హోమ్‌కూ చెప్పకుండా వెళ్లి, లోపాలు రాసి, నక్షత్రాలిచ్చి, ఆ కాగితాన్ని గోడకు పెట్టించే ఏర్పాటు మన దగ్గర లేదు. ఆ పని కుటుంబమే చేసుకోవాలి. ఇన్‌స్పెక్టరు కూతురే. కొడుకే. కోడలే. అల్లుడే.

సాయంత్రం ఏడున్నరకు

బుధవారం ఆఫీసు నుంచి తిరిగొస్తూ కూతురు మళ్లీ అదే హోమ్‌కు వెళ్లింది. ఈసారి ఫోన్ చేయలేదు. సాయంత్రం ఏడున్నర. గేటుకు తాళం. ‘‘మేనేజరు గారు లేరమ్మా, రేపు రండి’’ అన్నాడు వాచ్‌మన్. ‘‘ఆదివారం చూసుకుని వెళ్లాం బాబూ, గది కొలతలు చూసుకోవాలి’’ అని బతిమాలి లోపలికి వెళ్లింది.

హాల్లో దీపాల్లేవు. భోజనాలు ఆరింటికే అయిపోయాయట. మెట్లెక్కుతుంటేనే మూత్రం కంపు. ఇరవై రెండు మంచాలున్న అంతస్తుకు ఒక్కతే ఆయా. పాపం, ఆమె తప్పేం లేదు. ఒకరికి డైపరు మారుస్తుంటే ఇంకొకరు పిలుస్తున్నారు. ఓ గదిలో పిలుపు గంట తీగను ముడివేసి గోడ మేకుకు తగిలించారు. మంచంమీది మనిషికి అది అందదు. నీళ్ల సీసా కిటికీలో ఉంది. మంచానికి నాలుగడుగుల దూరం. ‘‘మంచినీళ్లమ్మా’’ అన్నారో పెద్దావిడ. ఆమె నీళ్లు తాగించి, సీసాను చేతికందేలా పెట్టి, ఇంకేమీ అడగకుండా కిందికి దిగి వచ్చేసింది.

ఆదివారం చూసిన పూలకుండీలు గేటు దగ్గర అలాగే ఉన్నాయి.

ముక్కు, చెవి, కన్ను

ఆ తర్వాత మూడు వారాల్లో ఆమె అయిదు హోములు చూసింది. మరదలు చెప్పిన ప్రశ్నలన్నీ ఓ పాకెట్ పుస్తకంలో రాసుకుంది. హోమ్ వెతుక్కునే ఎవరికైనా అవి పనికొస్తాయి.

ముందు ముక్కుకు పని చెప్పాలి. పెద్దవాళ్లున్న చోట ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక గదిలో వాసన రావడం సహజం. భవనమంతా, ఎప్పుడు వెళ్లినా కంపు కొడుతోందంటే మనుషులు చాలడం లేదని అర్థం. ఫినాయిలో, అగరొత్తులో గుప్పుమంటున్నా అనుమానించాల్సిందే.

తర్వాత చెవి. ఎవరైనా పిలిస్తే ఎంతసేపటికి పలుకుతున్నారు? గంట నొక్కి గడియారం చూసుకోవచ్చు. ఆయాలు పెద్దవాళ్లను ఎలా పిలుస్తున్నారు? ‘తాతగారూ, మామ్మగారూ’ అంటున్నారా, ‘ఏయ్ ముసలాయనా, ఏడో నంబరు’ అంటున్నారా? పట్టపగలు అందరూ నిద్రమత్తులో జోగుతూ హాలంతా నిశ్శబ్దంగా ఉంటే సంతోషించకూడదు. గొడవ లేకుండా ఉండేందుకు నిద్రమందులిచ్చి పడుకోబెట్టడం ఉన్నదే. ‘ఎవరికి ఏ మందు, ఎందుకు, ఏ డాక్టరు రాశారు?’ అని అడిగితే కాగితం చూపించగలగాలి.

ఇక కన్ను. మంచం ఎత్తు చూడాలి. అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. బాత్‌రూమ్‌లో కమోడ్ పక్కన పట్టుకునేందుకు కడ్డీలున్నాయా? అవి ఊగుతున్నాయా, గట్టిగా ఉన్నాయా? నేల తడిగా ఉందా? తలుపు బయటి నుంచి కూడా తీయగలిగేలా ఉందా? లోపల మనిషి తలుపుకు అడ్డంగా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును తోయడం కష్టం. రాత్రి లేచి నడిచే దారిలో చిన్న దీపం ఉందా?

పెద్దవాళ్ల గోళ్లు, పెదవులు, కళ్లజోళ్లు చూస్తే చాలా తెలుస్తుంది. పెదవులు పగిలి, నాలుక ఎండిపోయి ఉంటే నీళ్లు అందడం లేదు. కళ్లజోడు అద్దం మురికి పట్టి ఉంటే దగ్గరికొచ్చి ముఖం చూసి మాట్లాడేవాళ్లు లేరు.

పడకపుండ్ల సంగతి తప్పనిసరిగా అడగాలి. డాక్టర్లు బెడ్‌సోర్స్ అంటారు. కదల్లేని మనిషి ఒకే పక్కన ఉండిపోతే నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద రక్తం ఆడక చర్మం చచ్చుబడుతుంది. అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చడం ఆనవాయితీ. ఆ మార్చిన వేళలు రాసే కాగితం మంచం దగ్గర ఉండాలి. తెల్లవారుజాము దాకా రాయాల్సిన గళ్లు రాత్రి ఎనిమిదింటికే నింపేసి ఉంటే ఇక చెప్పేదేముంది! ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకపోవడం పుండుకు తొలి గుర్తు అంటారు. మన చామనఛాయ ఒంటిమీద ఆ ఎరుపు సరిగ్గా కనిపించదు. ఆ చోట వేడిగా, గట్టిగా, లేదా చుట్టూ ఉన్న చర్మం కన్నా నల్లగా ఉందేమో చెయ్యి పెట్టి చూడాలి.

రాత్రి ఎంతమంది?

‘మీ దగ్గర ఎంతమంది పనిచేస్తారు?’ అని అడిగితే అన్ని షిఫ్టులూ కలిపి ఓ పెద్ద సంఖ్య చెప్తారు. అడగాల్సింది అది కాదు. ‘రాత్రి రెండింటికి ఈ అంతస్తులో ఎంతమంది మెలకువగా ఉంటారు?’ అనడగాలి. వాళ్లలో నర్సింగ్ చదివినవాళ్లు ఎంతమంది? ఆయాల్ని విడిగా పలకరించి ‘ఎన్నాళ్లుగా చేస్తున్నావమ్మా?’ అని అడిగితే ఇంకా తెలుస్తుంది. అందరూ నెల కిందటే చేరామంటే పాతవాళ్లంతా ఎందుకు వెళ్లిపోయినట్టు?

అన్నిటికన్నా పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది. ‘పోయిన నెల ఇక్కడ ఎంతమంది జారిపడ్డారు?’

నాలుగు చోట్ల ‘మా దగ్గర ఎవరూ పడరండీ’ అన్నారు. అయిదో చోట నడిపే ఆవిడ ఓ రిజిస్టరు తీసి చూపించింది. ‘‘ఇద్దరు పడ్డారు. ఒకాయన రాత్రి బాత్‌రూమ్‌కు లేచి పడ్డారు. ఆ తర్వాత పడుకునే ముందు అందర్నీ ఓసారి తీసుకెళ్తున్నాం. ఇంకొకావిడ చెప్పులు జారి పడ్డారు. వాటిని మార్పించాం.’’

వయసు మళ్లిన ముప్ఫై మంది ఒకచోట ఉంటే ఎవరో ఒకరు పడకుండా ఉండరు. ఎవరూ పడలేదన్నవాళ్లు రాసుకోవడం లేదన్నమాట. రాసుకున్నవాళ్లే మర్నాడు ఏదో ఒకటి సరిచేస్తారు. ఆ అయిదో హోమ్ పాత బంగళా. పాలరాయి లేదు. గోడలకు వెల్ల వేసి చాన్నాళ్లయింది. కానీ ఆమె చెప్పకుండా ఉదయం ఆరింటికి వెళ్లినప్పుడు కూడా తలుపు తీశారు. ఓ ఆయా కాఫీలు అందిస్తూ ‘‘ఈ తాతగారికి చక్కెర వద్దు, ఆయనకు స్టీలు గ్లాసైతేనే తాగుతారు’’ అని పక్కనున్న కొత్త పిల్లకు నేర్పుతోంది.

కరెంటు పోతే... నిప్పంటుకుంటే...

అల్లుడుగారి తనిఖీ వేరే. ఆయన మెట్లూ తలుపులూ చూశారు. అందుకు కారణాలు లేకపోలేదు.

2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కోల్‌కతాలో ఓ పెద్ద ప్రైవేటు ఆసుపత్రి బేస్‌మెంట్‌లో నిప్పు రాజుకుంది. కార్లు పెట్టాల్సిన చోట మండే సామాన్లు నింపారు. ఏసీ గొట్టాల గుండా పొగ పై అంతస్తులకు పాకింది. దాదాపు 90 మంది చనిపోయారు. ఎక్కువమంది మంటల్లో కాదు, ఊపిరాడకే. 2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ కేంద్రంగా మార్చిన ఓ హోటల్లో నిప్పంటుకుని పదిమంది దాకా పోయారు. అదీ తెల్లవారుజామునే. జనం నిద్రలో ఉండే వేళ, సిబ్బంది తక్కువగా ఉండే వేళ.

అందుకే హోమ్‌లో రెండో మెట్లదారి ఉందా, దానికి తాళం వేశారా, మెట్లమీద పాత మంచాలూ అట్టపెట్టెలూ పేర్చారా అని చూడాలి. అగ్నిమాపక శాఖ ఇచ్చిన ఎన్‌వోసీ చూపమని అడగాలి. గోడకున్న ఎర్ర సిలిండర్ మీద గడువు తేదీ చూడాలి. నడవలేనివాళ్లను కింది అంతస్తులో ఉంచారా, మూడో అంతస్తులో ఉంచారా? లిఫ్టు ఆగిపోతే వాళ్లను దించేదెవరు? అది ఆయాను అడగాలి. ఆమెకు తెలిస్తేనే లెక్క.

కరెంటు మాటా మరిచిపోకూడదు. ఇర్మా తుపాను చావుల తర్వాత ఫ్లోరిడా ప్రభుత్వం 2018లో చట్టం చేసింది. కరెంటు పోయినా 96 గంటలపాటు హోమ్‌లో వేడి 81 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 27 డిగ్రీల సెల్సియస్ దాటకుండా సొంత ఏర్పాటు ఉండాలంది. మన మే నెల ఎండలకు ఆ మాట ఇంకా బాగా వర్తిస్తుంది. జనరేటరుందా, దాంట్లో డీజిలుందా? పుండ్లు పడకుండా వేసే గాలిపరుపు, ఆక్సిజన్ యంత్రం కూడా కరెంటు మీదే కదా నడిచేవి!

సంతకానికి ముందు

మాట మంచితనం వేరు, కాగితం వేరు. నెలకు చెప్పిన మొత్తంలో ఏమేమి కలిశాయి? డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ విడిగానా? డిపాజిట్టు ఎంత, మానేస్తే ఎన్నాళ్లకు తిరిగిస్తారు? అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే ముందు 108కి ఫోన్ చేస్తారా, మీకు చేసి మీ జవాబు కోసం కూర్చుంటారా? ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, వెంట ఎవరు వెళ్తారు? ఇవన్నీ రాతపూర్వకంగా ఉండాలి. ‘కుటుంబసభ్యులు ఏ వేళనైనా వచ్చి చూడవచ్చు’ అన్న వాక్యం లేకపోతే రాయించుకోవాలి. అందుకు ఒప్పుకోని చోట మీ మనిషిని వదలకండి.

చేర్చాక అసలు పని

మాస్టారు ఆ పాత బంగళాలో చేరారు. కూతురు మొదటి నెల రెండు రోజులకోసారి వెళ్లింది. ఓసారి పొద్దున, ఓసారి సాయంత్రం. అంతా బాగానే ఉందనిపించింది. రెండో నెలలో ఆఫీసు పని పెరిగి వారానికోసారి అయింది. ఆరో వారంలో వెళ్లినప్పుడు ఆయన చేతి గడియారం మోచేతి వైపు జారిపోవడం చూసింది. బరువులు రాసే పుస్తకం తెప్పించి చూస్తే చేరినప్పుడు 60 కిలోలు, ఇప్పుడు 57.

పెద్దవాళ్లు నెలరోజుల్లో నూటికి ఐదు వంతుల బరువు తగ్గినా, ఆర్నెల్లలో పదివంతులు తగ్గినా కారణం వెతకాలని అమెరికా తనిఖీల్లో ఒక కొలత ఉంది. 60 కిలోల మనిషికి మూడు కిలోలంటే సరిగ్గా ఐదు వంతులు. ఆ పుస్తకంలో అంకెలు రాసి ఉన్నాయి. రాసినవాళ్లు రాశారు, చూసినవాళ్లు లేరు.

‘‘నాన్నగారూ, అన్నం సరిగ్గా తినడం లేదా?’’

ఆయన మాట్లాడలేదు. కాసేపటికి నోరు తెరిచి చూపించారు. కింది పళ్ల సెట్టు లేదు. మూడు వారాల కిందట దిండు గలీబులో ఉండిపోయి చాకలి మూటలోకి వెళ్లిపోయింది. నమల్లేక మజ్జిగన్నం నాలుగు ముద్దలు మింగి చాలనేవారట.

‘‘నాకు చెప్పలేదేం?’’

‘‘నువ్వు అసలే అలసిపోయి వస్తున్నావు. మళ్లీ దీనికోసం తిరగాలి కదమ్మా. పైగా వీళ్లు మంచివాళ్లు. వాళ్లమీద ఫిర్యాదు చేసినట్టవుతుంది.’’

నడిపే ఆవిడ నొచ్చుకుంది. దబాయించలేదు. చాకలి మూటల్లో వెతికించింది. దొరకలేదు. కొత్త సెట్టు వచ్చేదాకా మెత్తగా మెదిపిన అన్నం, పప్పు, గుడ్డు పెట్టించింది. ఇప్పుడక్కడ రాత్రిళ్లు పళ్ల సెట్లు పేరు రాసిన డబ్బాల్లో పెడుతున్నారు. బరువు రెండు కిలోలు తగ్గితే ఇంటికి ఫోన్ వెళ్తుంది. రెండు నెలలకు మాస్టారి బరువు మళ్లీ 59కి వచ్చింది.

మంచి హోమ్‌లో కూడా జరిగిందిది. హోమ్‌లో ఉన్న పెద్దవాళ్లు సాధారణంగా ఫిర్యాదు చేయరు. పిల్లలకు శ్రమ అని కొందరు, మీరు వెళ్లిపోయాక ఆయా విసుక్కుంటుందేమో అన్న భయంతో ఇంకొందరు నోరు మెదపరు. కాబట్టి ‘బాగున్నారా?’ అనడిగి ‘బాగున్నా’ అనిపించుకుని వచ్చేస్తే సరిపోదు. వెళ్లే రోజు, వేళ మారుస్తుండాలి. భోజనం వేళ పక్కన కూర్చోవాలి. దుప్పటి తీసి మడమలు చూడాలి. బరువు అడగాలి. విదేశాల్లో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో ముఖం ఒక్కటే చూడకుండా మంచం చుట్టూ తిప్పి చూపించమనాలి. ఊళ్లో ఉన్న బాబాయినో పాత విద్యార్థినో అప్పుడప్పుడూ వెళ్లి రమ్మనాలి. ఇలా వచ్చీపోయేవాళ్లున్న మనిషిని చూసుకోవడంలో ఎవరూ అశ్రద్ధ చేయరు.

తేడా కనిపిస్తే ముందు నడిపేవాళ్లతోనే మాట్లాడాలి, తేదీ వేసి రాసివ్వాలి. మారకపోతే జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమం చూసే శాఖ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. 14567 నంబరుకు ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉచితంగా ఫోన్ చేసి సలహా, సాయం అడగవచ్చు. అది వయోవృద్ధుల కోసం పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. కొట్టడం, కట్టేయడం, తిండి మాన్పించడం లాంటివి జరిగితే 112కు ఫోన్ చేసి పోలీసుల్ని పిలవడానికి వెనకాడకూడదు.

‘ఆశ్రమంలో చేర్చారు’ అన్న బంధువులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో ఒకరిద్దరు ఆ బంగళాకు వెళ్లి మాస్టారిని చూసొచ్చాక ఆ మాట మానేశారు. పెద్దాయన ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నారు. ఆయా కూతురు పదో తరగతి. సాయంత్రాలు ఆ పిల్లకు లెక్కలు చెబుతున్నారు.

పక్క మంచంమీద ఓ పెద్దాయన ఉంటారు. ఆయనకోసం ఎవరూ రారు. కూతురు వెళ్లినప్పుడల్లా తండ్రి నీళ్ల సీసా చూసి, ఆయనది కూడా ఓసారి చూస్తుంది. దూరంగా ఉంటే దగ్గరికి జరిపి వస్తుంది.